రాకెట్టు పండితుడు ఆచార్య గొడ్డార్డు

లోకముయొక్క తప్పులను దిద్దుటలో పత్రికలు చూపు చురుకుదనము తమ తప్పులను దిద్దుకొనుటలో కానవచ్చుట యరుదు. ఈ మాట మా వృత్తినిగూర్చి మేమే చెప్పుకొనుచున్నాము గనుక నెవ్వరును కోపగింప నక్కరలేదు. 1969 జూలై 17వ తేదీన అమెరికాలోని న్యూయార్కు టైమ్సు పత్రిక చిన్న సవరణ నొకదానిని ప్రకటించెను. అంతకు ముందటి దినముననే ముగ్గురు మానవులు చంద్రమండలమునకు బయలుదేరియుండిరి. ఆ పత్రిక 49 ఏండ్ల క్రిందట, 1920 జనవరి 13వ తేదీని, తన సంపాదకీయ స్తంభములలో చేసిన పొరపాటునకు సంబంధించినది ఆ సవరణ. రాకెట్టు గాలిలోవలెనే శూన్యమునందును పనిచేయునని ఇప్పుడు రూఢియైనదనియు, తమ తప్పునకు విచారించుచున్నామనియు దాని సారాంశము. ఆ సంపాదకీయము ఎవరిని వెక్కిరించెనో ఆ పురుషుడు అప్పటికి 24 ఏండ్ల క్రిందటనే కాలధర్మము నొందెను. ఆయనయే రాబర్టు హచ్చింగ్సు గొడ్డార్డు.

ఈయన కథను ఇప్పుడు చెప్పబూనుటకు వేరొక కారణము గలదు. 2017 ఫిబ్రవరి 15వ తేదీన, పులికాట సరస్సునకును సముద్రమునకును నడుమనున్న మన శ్రీహరికోటనుండి, ఒక్క వాహనముమీద 104 ఉపగ్రహములు ఆకాశమున కెక్కెను. వానిలో 88 ఒక అమెరికా సంస్థవి. ఒక్కొక్కటి అయిదు కిలోల లోపు బరువు గలది. మనిషి చంకను పెట్టుకొని పోదగినది. ఇట్టి చిన్న యుపగ్రహములు చౌకగా తయారగును. కాని ఆ 88 ఉపగ్రహములలో ఒక్కదానియందైనను త్రోవ మార్చుకొనుటకు యంత్రము లేదు. వాని రెక్కలను అడ్డముగనో నిలువుగనో త్రిప్పి, ఆ యెత్తున మిగిలియున్న పలుచని గాలి తాకిడిచేతనే ఒకదానినుండి మరియొకదానిని ఎడముగా జరిపిరి. తెడ్డులేని దోనె వాలునుబట్టి పోవునట్లన్నమాట. యంత్రము పెట్టినచో బరువును వెలయును పెరుగును. పెట్టనిచో ఉపగ్రహము తన చోట నిలువక క్రమముగా దిగజారి కాలిపోవును. ఎదురువచ్చు వస్తువునుండి తప్పుకొనజాలదు. అల్పవ్యయముతో, అల్పభారముతో చిన్న యుపగ్రహమును త్రోయుట యెట్లు అను ప్రశ్న నేడు అనేక ప్రయోగశాలలలో నడుచుచున్నది. ఒక్క ఉపగ్రహమైనను పుట్టకమునుపే ఈ ప్రశ్నకు మూలమైన లెక్కను పట్టుకొని, తన చేతులతో పరీక్షించి చూచిన వారిలో గొడ్డార్డు ముఖ్యుడు.

ఆయన 1882 అక్టోబరు 5వ తేదీని మసాచుసెట్సు రాష్ట్రములోని వుస్టరు పట్టణమున జన్మించెను. తల్లికి క్షయ. బాలుడును నిత్యరోగి యగుటచే చదువులో తన యీడువారికంటె వెనుకబడెను. 1899 అక్టోబరు 19వ తేదీని, పదునేడేండ్ల ప్రాయమున, ఇంటి వెనుకనున్న చెర్రీచెట్టెక్కి ఎండుకొమ్మలు నరుకుచుండగా, అంగారక గ్రహముదాక పోగల యంత్రము నొకదానిని చేయవచ్చునా యను తలపు ఆయనకు కలిగెను. అంగారకవాసులు భూమిపై దండెత్తినట్లు వెల్సు వ్రాసిన కథ అంతకుముందే ఆ మనస్సును పట్టియుండెను. ఆ తేదీని ఆయన బ్రతికినంతకాలము పండుగవలె గుర్తుంచుకొనెను. ఇట్టి సంగతులు విన్నప్పుడు మాకు సులభముగా నమ్మకము కలుగదు. గొప్పవారి బాల్యములోని చెట్లలో చాలభాగము తరువాతి కథకులు నాటినవే. ఇచట మాత్రము చెట్టు నిజమైనది. ఆయన దానికి ఛాయాచిత్రములు తీసి యుంచెను. 1938లో పెద్ద తుపాను దానిని కూల్చినప్పుడు, ఎక్కడనో న్యూ మెక్సికో ఎడారిలో నుండియు, ఆ వార్తను తన దినచర్య పుస్తకమున వ్రాసికొనెను.

వుస్టరులోనే సాంకేతిక విద్యాలయమున చదివి 1908లో పట్టభద్రుడై, క్లార్కు విశ్వవిద్యాలయమున 1911లో డాక్టరు పట్టమును పొందెను. ప్రిన్‌స్టనులో పరిశోధన చేయుచుండగా 1913లో తల్లి వ్యాధియే ఆయనకును సంక్రమించెను. వైద్యులు ఆశ వదలుకొనిరి. పడకమీదనుండియే తన యూహలను కాగితముపై పెట్టి పేటెంట్లకు పంపెను. 1914 జూలైలో రెండు పేటెంట్లు లభించెను. ఒకటి అంచెలంచెలుగా మండు రాకెట్టునకు, రెండవది ద్రవరూపమైన ఇంధనముతో నడుచు రాకెట్టునకు. ఆరోగ్యము కొంత కుదుటబడి క్లార్కు విశ్వవిద్యాలయమున నుపాధ్యాయుడుగా చేరిన పిమ్మట అసలు పని ఆరంభమయ్యెను.

ఆ పనిని కొంచెము వివరముగా చెప్పవలెను. మన పిల్లలు దీపావళికి కాల్చు తారాజువ్వయే అప్పటికి లోకమునకు తెలిసిన రాకెట్టు. హైదరాలీ, టిప్పు సుల్తానుల సైన్యము దానికి ఇనుప గొట్టమును తొడిగి యుద్ధమున కుపయోగించినది. దానిని చూచి ఆంగ్లేయులు తమ రాకెట్లను తయారుచేసికొనిరి. తరువాత నూరేండ్లలో దానియందు పెద్ద మార్పు రాలేదు. నాడు ఓడలవారు ఆపదలో నెగురవేయు కోస్టను జువ్వలను గొడ్డార్డు కొని తెచ్చి కొలిచి చూచెను. లోపలి మందులోనున్న శక్తిలో నూటికి 2 పాళ్లు మాత్రమే జువ్వను త్రోయుటకు వినియోగమగుచుండెను. తక్కిన 98 పాళ్లును వేడియు వెలుతురునై వృథాగా పోవుచుండెను. బస్తా ధాన్యము దంచి దోసెడు బియ్యము ఇంటికి తెచ్చుకొను కాపును ఎవరైన చూచియుందురా?

ఆయన క్రొత్త మందును కనిపెట్టుటకై పరుగెత్తలేదు. వాయువు వెలుపలికి వచ్చు ద్వారమును మార్చెను. స్వీడను దేశపు ఇంజనీరు డి లవాల్ ఆవిరి చక్రములకొరకు చేసిన గొట్టమొకటి యుండెను. మొదట సన్నగిల్లి మరల వెడల్పగునది. సన్నని కంఠమున వాయువు ధ్వనివేగము నందుకొని, వెడల్పైన భాగమున వ్యాకోచించి ఇంకను వేగము పుంజుకొనును. గట్టి ఉక్కు గదిలో పొగలేని మందును కాల్చి, ఆ వాయువు నిట్టి గొట్టముద్వారా విడిచినప్పుడు, వెలువడు ధార వేగము సెకనుకు సుమారు 1000 అడుగులనుండి దాదాపు 8000 అడుగులకు పెరిగెను. మందులోని శక్తిలో నూటికి 64 పాళ్లవరకు పనికి వచ్చెను. పిమ్మట గాలి తీసివేసిన గొట్టములలో ఇదే పరీక్షను చేసి, శూన్యములో త్రోపు తగ్గదు సరికదా గాలిలోకంటె నెక్కువగునని 1916 నాటికే నిర్ధారణ చేసికొనెను.

రాకెట్టుయొక్క పొదుపంతయు ఈ ధారావేగమునందే యున్నది. వెనుకకు పోవు వాయువు ఎంత వడిగా పోవునో, మోసికొని పోవలసిన ఇంధనము అంత తగ్గును; తగ్గుట కూడ సామాన్యపు వాటాలలో కాదు. ఏలయన మోయు ఇంధనమును మోయుటకు మరికొంత ఇంధనము, దానిని మోయుటకు ఇంకను కొంత కావలసియుండును. వడ్డీమీద వడ్డీ పెరుగు అప్పు సంగతి మా పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. రష్యాలో సియోల్కోవ్‌స్కీ అను బడిపంతులు ఈ లెక్కనే 1903లో అచ్చు వేయించియుండెను. గొడ్డార్డు దానిని చూడకయే తనంతట దానిని చేరెను. అంతటితో ఆగక ఉక్కుతోను మంటతోను పరీక్షించెను.

ఈ ఖర్చంతయు చాలవరకు ఉపాధ్యాయుని జీతమునుండియే వచ్చెను. అది చాలని దశ వచ్చినప్పుడు 1916లో వాషింగ్టనులోని స్మిత్సోనియను సంస్థకు తన ఫలితములను వ్రాసి సహాయము కోరెను. 1917 జనవరిలో ఆ సంస్థ 5000 డాలర్లు మంజూరు చేసెను. ఇంతలో అమెరికా యుద్ధమున దిగుటచే పని ఆయుధములవైపు మరలెను. 1918 నవంబరులో సైనికాధికారుల ఎదుట, భుజముమీదనుండి ప్రయోగింపదగిన చిన్న రాకెట్టును ఆయన కాల్చి చూపెను. దానిని నిలుపుటకు పెట్టిన ఆధారము వాద్యకారులు స్వరముల కాగితము పెట్టుకొను స్టాండు! చూచినవారు మెచ్చిరి. కొలది దినములలోనే యుద్ధము ముగియుటచే ఆ సంగతి మూలబడెను. రెండవ ప్రపంచ యుద్ధములో ట్యాంకులను పగులగొట్టిన బజూకా ఆ వంశములోనిదే.

అత్యున్నత ప్రదేశముల నందుకొను పద్ధతినిగూర్చి ఆయన వ్రాసిన గ్రంథమును స్మిత్సోనియను సంస్థ 1919 సంవత్సరపు తేదీతో ప్రకటించెను. డెబ్బది పుటలకు మించని యా గ్రంథమున చాలభాగము కొలతలు, పట్టికలు. ఉద్దేశము మేఘములకు పైనున్న గాలిని పరిశీలించు పనిముట్లను పంపుట. చివర మాత్రము, కొంత మెరుపుమందును చంద్రునిపై పడవేసినచో దాని వెలుగును ఇచటినుండి దూరదర్శినితో చూడవచ్చునని లెక్కగట్టి చూపెను. పత్రికలకు ఆ చివరి మాటయే కావలసివచ్చెను. దేశమంతట చంద్రుని ఆచార్యుడని పేరు మ్రోగెను. మేము మొదట చెప్పిన సంపాదకీయము ఒక మెట్టు మించి, గాలిని దాటిన పిమ్మట రాకెట్టు దేనిని త్రోసి ముందుకు పోవునని ప్రశ్నించి, ఉన్నత పాఠశాల విద్యార్థి యెరిగిన శాస్త్రము ఈ ఆచార్యునకు తెలియదని హాస్యమాడెను.

రాకెట్టు వెనుకనున్న గాలిని త్రోయదు. తనలోని వాయువునే వెనుకకు విసరి, ఆ విసరుచేత తాను ముందుకు పోవును. దోనెలోనుండి ఒడ్డునకు దుమికినప్పుడు దోనె వెనుకకు జరుగుట గోదావరి యొడ్డున పెరిగిన పిల్లవాడు ఎరుగును. న్యూటను మూడవ సూత్రమిదియే. పాఠశాల శాస్త్రము తెలియనిది ఆచార్యునకు కాదు. అయిదారు గంటలలో స్తంభము నింపవలసిన నిర్బంధము మేమెరుగనిది కాదు. అయినను, ఒక మనిషి నాలుగేండ్లు ప్రయోగము చేసి వ్రాసినదానిని పూర్తిగ చదువకయే వెక్కిరించు హక్కు ఆ తొందర ఎవరికిని ఈయదు. ఆ వెక్కిరింత ఫలితము హాస్యముతో పోలేదు. గొడ్డార్డు నోరు మూసికొనెను. పత్రికలవారిని మాత్రమే కాక తోడి శాస్త్రజ్ఞులను గూడ దూరముంచుట అప్పటినుండి ఆయనకు అలవాటయ్యెను.

మందు కట్టిన రాకెట్టును విడిచి ద్రవ ఇంధనమునకు ఆయన మరలుటకు కారణము మరల ధారావేగమే. పెట్రోలును ద్రవరూప ప్రాణవాయువును కలిపి మండించిన వచ్చు శక్తి, బరువునకు బరువు చూచిన, మందులోని శక్తికంటె చాల ఎక్కువ. కాని ప్రాణవాయువును ద్రవముగ నుంచవలెనన్న సున్న డిగ్రీలకు 183 డిగ్రీలు దిగువన చల్లబరచవలెను. దాని ప్రక్కనే ఉక్కును కరగించు మంట యుండవలెను. 1926 మార్చి 16వ తేదీన ఆబర్న్ గ్రామములో, ఎఫీ అను బంధువురాలి మంచు పరచుకొన్న పొలమున, పది అడుగుల పొడవైన సన్నని గొట్టముల చట్రము నిలువబెట్టబడెను. అక్కడనున్నవారు ఆయన, భార్య ఎస్తేరు, ఇద్దరు సహాయకులు, అంతే. చలనచిత్రము తీయుటకు ఎస్తేరు తెచ్చిన యంత్రము ఒక్కసారి చుట్టిన ఏడు సెకనులు మాత్రమే తిరుగును. మంట రాజుకొని రాకెట్టు లేవక తడయుచుండగా ఆ ఏడు సెకనులును గడచిపోయెను. అందుచే ఆ తొలి ప్రయాణమునకు చిత్రము లేదు. రాకెట్టు రెండున్నర సెకనులు ఎగిరి, 41 అడుగుల ఎత్తు లేచి, 184 అడుగుల దూరమున పడెను. మన యూరి తాటిచెట్టును దాటనైన దాటలేదు. ద్రవ ఇంధనముతో రాకెట్టు భూమిని విడిచినది లోకమున అదే ప్రథమము.

ఈసారి పత్రికలకు చెప్పలేదు. 1929 జూలైలో భారమితియు, ఉష్ణమాపకమును, చిన్న కెమేరాయు పెట్టి ఎగురవేసిన రాకెట్టు చేసిన ధ్వనికి ఇరుగుపొరుగువారు విమానము కూలినదనుకొని పోలీసులకు కబురంపిరి. రాష్ట్రాధికారులు ఆ ప్రయోగములను తమ సరిహద్దులలో నిషేధించిరి. ఈ రభస మూలముననే విమాన వీరుడు లిండ్‌బర్గు ఆయన పేరు విని చూడవచ్చెను. ఆయన మాటమీద గుగ్గెన్‌హైము కుటుంబము ధనసహాయమునకు పూనుకొనెను. 1930లో గొడ్డార్డు న్యూ మెక్సికోలోని రోజ్‌వెల్ ప్రాంతమునకు మకాము మార్చి, నడుమ కొంతకాలము తప్ప, 1941 వరకు అచట కృషి చేసెను. తిరుగు బొంగరముచేత దారి సరిదిద్దుకొను రాకెట్టు 1935 మార్చిలో 4800 అడుగుల ఎత్తునకు పోయెను. 1937లో మరియొకటి 8000 అడుగులు దాటెను.

ఇచట మేము ఆయనయందలి లోపమును దాచి చెప్పజాలము. 1936లో కాలిఫోర్నియా సాంకేతిక సంస్థనుండి మలీనా అను యువకుడు రోజ్‌వెల్‌కు వచ్చెను. గొడ్డార్డు ఆదరముతో మాటలాడెను, ఎడారిలోని స్తంభమును చూపెను. రాకెట్టును మాత్రము చూపలేదు. పేటెంట్లు తీసికొనుటలోనున్న శ్రద్ధ ఫలితములను ప్రకటించుటలో కానరాదు. ద్రవ ఇంధనపు తొలి విజయమును పూర్తిగా లోకమునకు తెలిపినది పదియేండ్ల పిమ్మట, 1936లో. నలుగురైదుగురు మేస్త్రీలతో ఒక్కడు చేసిన పనిని జర్మనీలో ప్రభుత్వధనముతో వేలమంది చేసి ఆయనను దాటిపోయిరి. తన మార్గమునే నడచినవారు దూరముగ పోవుటను చూచుచు తానొక్కడు ఇనుపరేకులు అతుకుచుండుట పొదుపు కాదు. కలిసి పనిచేసినచో ఒకరు కాల్చి తెలిసికొన్నదానిని మరియొకరు మరల కాల్చి తెలిసికొన నక్కరలేదు. అయినను ఆయన తలుపు మూసికొనుటకు తొలి గడియ వేసినవారు మా వృత్తివారే యను సంగతిని మరచి తీర్పు చెప్పుట మాకు తగదు.

రెండవ యుద్ధకాలమున బరువైన విమానములు నీటినుండి లేచుటకు తోడ్పడు రాకెట్లను నౌకాశాఖకొరకు చేయుచు, గొంతు పుండు ముదిరి, 1945 ఆగస్టు 10వ తేదీన బాల్టిమోరులో మరణించెను. నాగసాకిపై అణుబాంబు పడిన మరునాడు గనుక పత్రికలలో ఆ వార్తకు చోటు చాలలేదు. ఆయన వ్రాసి విడిచిన పుస్తకములనుండి ఎస్తేరు ఓపికతో మరి పెక్కు పేటెంట్లు రాబట్టెను; ఆయన జీవితకాలమున వచ్చినవానితో కలిపి మొత్తము 214. వానిని వాడుకొన్నందులకు అమెరికా ప్రభుత్వము 1960లో ఎస్తేరునకును గుగ్గెన్‌హైము నిధికిని పది లక్షల డాలర్లు చెల్లించెను. తొలుత ఇచ్చినది 5000.

ఆ పేటెంట్లలో 1920 నాటిది ఒకటి, ఆనాడు ఎవ్వరును గమనింపనిది, ఇప్పుడు మనకు కావలసినది. 1906 సెప్టెంబరులో, ఇంకను విద్యార్థిగా నున్నప్పుడే, గొడ్డార్డు తన నోటుపుస్తకములో వేరొక ప్రశ్న వ్రాసికొనెను. మంటవలన వచ్చు వేగమునకు ఒక హద్దు గలదు. విద్యుత్తుచేత త్రోయబడు అణుకణములకు ఆ హద్దు లేదు. వానినే రాకెట్టు వెనుకకు విడువరాదా? ఒకే జాతి విద్యుత్తు గల కణములు వెలుపలికి పోయినచో, ఎదురు విద్యుత్తు రాకెట్టునందు పోగుపడి వానిని మరల వెనుకకు లాగును గనుక, రెండు జాతుల కణములను విడువవలెనని గూడ ఆయన గ్రహించెను. 1916, 1917 సంవత్సరములలో క్లార్కులో విద్యార్థుల సాయముతో ప్రయోగములు చేసి పేటెంటు తీసికొనెను. పెట్రోలు రాకెట్టే ఆయన జీవితమును మ్రింగివేయుటచే ఆ దారిని మరల త్రొక్కలేదు.

చిన్న ఉపగ్రహమునకు ఈ దారి యెంత ముఖ్యమో లెక్కవలన తెలియును. పది కిలోల ఉపగ్రహమొకటి తన వేగమును మొత్తముమీద సెకనుకు 200 మీటర్లు మార్చుకొనవలసియున్న దనుకొందము. సీసాలో నొత్తిపెట్టిన నత్రజనిని విడిచి నడచినచో ధారావేగము సెకనుకు 700 మీటర్లు. అప్పుడు పది కిలోలలో రెండున్నర కిలోలు వాయువే కావలెను, సీసా బరువు వేరు. సెకనుకు 15,000 మీటర్ల వేగముతో విద్యుత్కణములను విడిచినచో 130 గ్రాములు చాలును. దీనికి బదులుగా చెల్లింపవలసినది కాలము. ఇట్టి చిన్న యంత్రముల త్రోపు చిటికెడు ఆవాల బరువును మించదు. వారములు, నెలలు విడువక త్రోయవలెను. భూమినుండి లేచుటకు అది కొరగాదు. పైన చేరిన పిమ్మట, ఎండనుండి విద్యుత్తును తీసికొని తొందరలేక నడచుటకు అదియే తగినది.

1964 జూలై 20వ తేదీన అమెరికావారు ఇట్టి యంత్రము నొకదానిని ఆకాశమున 31 నిమిషములు నడిపి, ఆ పద్ధతి శూన్యములో నిజముగ పనిచేయునని చూపిరి. గొడ్డార్డు పేటెంటు గడువు 1937లోనే తీరిపోయెను. ఆ తరువాత చిక్కు విద్యుత్తులో కాక వస్తువు వెలలో వచ్చెను. ఈ యంత్రములకు వాడుకయైన జెనాను గాలిలో అత్యల్పముగ నుండు వాయువు. దాని వెల హెచ్చు, దానిని నింపుటకు బలమైన సీసాయును కావలెను. వేలకొలది ఉపగ్రహములను నడపు స్పేస్‌ఎక్సు సంస్థ 2019లో క్రిప్టానును, 2023నుండి ఇంకను చౌకయైన ఆర్గానును చేపట్టినది. ఫ్రాన్సు దేశపు థ్రస్ట్‌మీ అను చిన్న సంస్థ మరియొక ఉపాయము పన్నెను. 2020 నవంబరులో ఎగిరిన చైనా ఉపగ్రహమొకదానిలో వారు పెట్టిన యంత్రమునకు సీసాయే లేదు. ఇంధనము గట్టి ముద్దగా నుండి, కొంచెము వేడి తగిలినప్పుడు ఆవిరియై, ఆ యావిరి విద్యుత్కణములుగా మారి వెలువడును. ఆ వస్తువు అయోడిను. మన యిండ్లలో గాయములకు పూయు టింక్చరులో నుండునది.